తుపాకుల బీరువాకు అస్తరు

"మా బీరువా డయల్ చివరి అంకెకి ఒక్క గీత ఇవతల ఆగి ఉంటోంది, ప్యాప్. ఒక్క గీతే. వేలితో అలా తోస్తే చాలు, తలుపు వచ్చేస్తుంది."

డారా ఈ మాట అన్నప్పుడు వెండెల్ క్రైడర్ తన గ్యారేజీలో మోకాళ్ల మీద కూర్చుని, ఎవరిదో తుపాకుల బీరువా లోపలి పాత తివాచీ గుడ్డను గోకి తీస్తున్నాడు. ఆయన ఆమెకు మామగారు. మూడేళ్ల ఇడా తాతను "ప్యాప్" అంటుంది కాబట్టి తల్లికీ ఆ పిలుపే అలవాటైంది.

డయల్ సంగతి ఆయనకు తెలియంది కాదు. ఆ లోయలో మగవాళ్లందరూ చేసేదే. జింకల వేట రోజుల్లో తెల్లవారక ముందే లేచి, చలికి కొంకర్లు పోయే వేళ్లతో మూడు అంకెలూ తిప్పే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకని ఒకసారి మొత్తం తిప్పి, ఆఖరి అంకెకు కాస్త ఇవతల ఆపేస్తారు. అదే తాళం వేసినట్టు లెక్క అంటారు. డారా భర్త ట్రెంట్ మాత్రం ఏడాది పొడవునా అలాగే వదిలేస్తున్నాడు.

"ఇడాకి అంత ఎత్తు అందదుగా," అన్నాడు వెండెల్.

"కుర్చీ వేసుకుంటుంది."

ఆయన గోకుడు కత్తి కింద పెట్టాడు. "నువ్వు చెప్తున్నది ఇడా గురించేనా?"

డారా ఊరి నీళ్ల కేంద్రంలో పరీక్షలు చేస్తుంది. నీటిలో ఏది ఎంత ఉందో అంకెల్లో చెప్పడమే ఆమె ఉద్యోగం. దీనికి మాత్రం ఆమె దగ్గర అంకె లేదు. ట్రెంట్ పనిచేసే కాగితం మిల్లు మూతపడ్డాక అతను మధ్యాహ్నాలు బీరువా ఉన్న నేలమాళిగలోకి దిగుతున్నాడని, రెండుసార్లు తను ముందుగా ఇంటికి వచ్చినప్పుడు డయల్ టిక్కుమన్న చప్పుడు విన్నానని, తలుపు తెరుచుకోవడం, చాలాసేపు ఏ అలికిడీ లేకపోవడం, మళ్లీ మూసుకోవడం అన్నీ వంటింట్లో నిలబడి విన్నానని చెప్పింది. డాక్టరు దగ్గరికి బతిమాలి తీసుకెళ్తే రెండుసార్లు వచ్చాడు. మూడోసారి కారు దిగలేదు.

వెండెల్ అడిగింది ఒకటే. "ఎన్నాళ్ల నుంచి?"

"మూడు వారాలు."

ఆయన లేచి, మోకాళ్లు దులుపుకుని, రేపు వస్తానన్నాడు.

వెండెల్ ముప్పై ఆరేళ్లు ఒక శవపేటికల కార్ఖానాలో అస్తరు వేశాడు. తెల్ల శాటిన్ గుడ్డను కుచ్చులు కుచ్చులుగా మడిచి, ఒక్క పిన్నూ పైకి కనపడకుండా చెక్కకు బిగించడం ఆయన పని. నా సరుకు బాగాలేదని ఇంతవరకు ఒక్క గిరాకీ కూడా వెనక్కి రాలేదని చెప్పి, తను నవ్వకుండా ఎదుటివాళ్లను నవ్వించేవాడు. కార్ఖానాలో గుడ్డ పనికి యంత్రం వచ్చాక ఇంటికి చేరి, ఊళ్లోవాళ్ల తుపాకుల బీరువాలకు లోపలి గుడ్డ మార్చే పని పెట్టుకున్నాడు. పాతది పీకడం, జిగురు గోకడం, పల్చటి చెక్కలు కొలతకు కోసి వాటికి గుడ్డ చుట్టి లోపల ఇరికించడం, తుపాకీ గొట్టం ఆనే చోట గాడి తీసి మెత్తటి ఫెల్టు అతకడం. ఆ లోయలో ఆయన చెయ్యి పడని బీరువా తక్కువ.

ఆయనకు లైల్ అని తమ్ముడు ఉండేవాడు. లైల్ ఇరవై తొమ్మిదో ఏట ఎలా పోయాడో ఊరందరికీ తెలుసు, ఇంట్లో ఆ ఊసు ఎత్తరు. పెళ్లైన కొత్తలో గోడ మీది ఫొటో చూసి ఎవరని డారా అడిగితే, అత్తగారు ఆమె చేతిలో క్యాబేజీ నూడుల్స్ గిన్నె పెట్టి బల్ల దగ్గరికి పంపేసింది. అత్తగారు పోయిన తర్వాత కూడా ఆమె మళ్లీ అడగలేదు. లైల్ పెట్టెకు అస్తరు వేసింది మాత్రం వెండెలే. ఆ సంగతి డారాకు కార్ఖానాలో పనిచేసినవాళ్ల ద్వారా తెలిసింది.

మర్నాడు వెండెల్ టార్చి పట్టుకుని కొడుకు ఇంటికి వచ్చి, బీరువాలో తల దూర్చి వాసన చూశాడు. గుడ్డ వెనక జిప్సం పలకలు చెమ్మ పీల్చి ఉబ్బాయని, ఇలాగే వదిలేస్తే తాతల నాటి తుపాకీకి ఈ చలికాలంలోనే తుప్పు పడుతుందని ట్రెంట్‌తో చెప్పాడు. అందులో సగం నిజం. తేమ కొలిచే సాధనం డారాయే తెచ్చి లోపల పెట్టింది; అరవై ఎనిమిది శాతం చూపించింది. మిగతా సగం ఎందుకో ముగ్గురికీ తెలుసు. అక్కడ ఒక మగవాడి దగ్గరికి వెళ్లి నీ తుపాకులు ఇచ్చెయ్యమని అడగడమంటే మొహాన ఉమ్మినట్టే. కన్నతండ్రి కూడా అడగలేడు. కానీ అస్తరు మార్చాలంటే బీరువా ఖాళీ చేయక తప్పదు, అందులో ఎవరి పరువూ పోదు.

ట్రెంట్ తండ్రి మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత తొమ్మిది తుపాకులనూ ఒక్కొక్కటిగా పాత దుప్పట్లలో చుట్టి, తనే మోసుకెళ్లి ట్రక్కులో పడుకోబెట్టాడు. అవి వెండెల్ స్నేహితుడు బోయిడ్ లాంట్జ్ ఇంటికి వెళ్లాయి.

మామూలుగా ఆ పని నాలుగు రోజులది. వెండెల్ పాత గుడ్డ పీకడానికే వారం తీసుకున్నాడు. జిగురు గోకడానికి ఇంకో వారం. ఆకుపచ్చ గుడ్డ తెప్పించి, రంగు బాగోలేదని తిప్పి పంపి, బూడిదరంగుది తెప్పించాడు. చెక్కలు కోశాక కొలత పావు అంగుళం తప్పిందన్నాడు. జీవితంలో పావు అంగుళం తప్పని మనిషి. ఆ తర్వాత జిగురు వాసన పట్టుకున్నాడు. వాసన పూర్తిగా పోకముందే తుపాకులు పెడితే ఉక్కు మీద మచ్చలు పడతాయన్నాడు. రోజూ తలుపు తీసి, ముక్కు పెట్టి, ఇంకా ఉందనేవాడు. రసాయన శాస్త్రం చదువుకున్న కోడలు పక్కనే నిలబడి, అవును, ఉంది అనేది.

వెండెల్ ముసలాడైపోయాడు, చెయ్యి పడిపోయింది అని ఊళ్లో అనుకున్నారు. గ్యారేజీ తలుపు మీది పని బోర్డు తీసేస్తే మంచిదని ఆయన మొహం మీదే అన్నారు. ఇద్దరు తమ బీరువాలు వేరేవాడికి ఇచ్చుకున్నారు. ముప్పై ఆరేళ్ల పేరు ఆ రెండు నెలల్లో పోయింది. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నవంబరు చివర థ్యాంక్స్‌గివింగ్ పండుగ అయ్యాక జింకల వేట మొదలైంది. బడులు మూసేశారు, నారింజరంగు కోట్లు వేసుకుని లోయ మొత్తం అడవిలోకి కదిలింది. పన్నెండో ఏట వేటకు వెళ్లడం మొదలుపెట్టాక ట్రెంట్ ఇంట్లో ఉండిపోయిన మొదటి వేట అది. పొద్దున్నే బోయిడ్ ట్రక్కు ఆపి, కొడుకు వాకిట్లో మంచు తీస్తున్న వెండెల్‌తో, ఒక్క రోజుకి కుర్రాడి తుపాకీ వాడికిస్తే ఏం పోతుంది, నా పక్కనే ఉంటాడుగా అన్నాడు.

"ఇవ్వకు," అన్నాడు వెండెల్.

"వాడి తుపాకీ వాడికిస్తానంటే నీ పెత్తనమేంట్రా? ఒక బీరువాకి గుడ్డ అంటించడానికి రెండు నెలలు. ఇంకొంచెం సాగదీస్తే నీ పెట్టెకి కూడా నువ్వే అంటించుకోవచ్చు."

"అంటించుకుంటా. నువ్వు మాత్రం ఇవ్వకు, బోయిడ్."

బోయిడ్ మొహంలో నవ్వు పోయింది. కిటికీలోంచి చూస్తున్న డారాను చూశాడు, వెండెల్‌ను చూశాడు, లైల్‌ను ఎరిగినవాడే కాబట్టి ఇంకేమీ అడక్కుండా ట్రక్కు తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ట్రెంట్ నేలమాళిగ మెట్ల మీద కూర్చుని తండ్రి పని చూస్తున్నాడు. ఇడాను ఎత్తుకుని డారా పై మెట్టు దగ్గర నిలబడింది. వెండెల్ అంతకుముందు వారం తనే అతికిన చెక్కను మళ్లీ ఊడదీస్తున్నాడు.

"బీరువాను ఖాళీ చేశావు నాన్నా," అన్నాడు ట్రెంట్. గొంతులో కోపం లేదు. అదే డారాను ఎక్కువ భయపెట్టింది. "బాగానే ఉంది. మరి నన్నేం చేస్తావు?"

వెండెల్ మళ్లీ చెక్క వైపు తిరిగి, లేని జిగురును గోకడం మొదలుపెట్టాడు. ట్రెంట్ ఇంకాసేపు కూర్చుని, పైకి వచ్చి, డారాను దాటుకుని వెళ్లి పడుకున్నాడు. నాలుగు రోజులు లేవలేదు.

జనవరిలో వెండెల్‌కు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. గుండె అలిసిపోయిందన్నారు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేశారంటే దాని అర్థం ఏమిటో డారాకు తెలుసు. ముందుగదిలో మంచం వేశారు. ఆదివారం ఆమె సూప్ తీసుకెళ్తే రెండు చెంచాలు తాగి, గిన్నె పక్కకు నెట్టాడు. గోడ మీది ఫొటో వైపు చూడకుండానే లైల్ గురించి చెప్పాడు.

"వాడి సంగతి నాకు ముందే తెలిసింది, డారా. అందరూ తెలీలేదు అనుకుంటారు. తెలిసింది. వారం రోజులు వాణ్ని ఒంటరిగా వదల్లేదు. చేపలకి తీసుకెళ్లా. ఇంటికి రంగు వేయించా. కారు తాళాలు దాచా. వాడి చుట్టూ తిరిగా. అన్నీ చేశా గానీ ఆ ఒక్క మాటా అడగలేదు. అడిగితే వాడికి ఆలోచన ఇచ్చినట్టవుతుందేమోనని భయం. ఎనిమిదో రోజు..." ఆయనకు ఆయాసం వచ్చింది. డారా దిండు సర్దింది. "ఇప్పుడు వీడి విషయంలోనూ అదే చేశా. మెట్ల మీద కూర్చుని నోరు తెరిచి అడిగాడు వాడు. నేను చెక్క గోకుతూ కూర్చున్నా."

మీరు చేయగలిగింది మీరు చేశారని డారా అంది. ఆ మాట తనకే అతికినట్టు అనిపించలేదు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

మార్చి మొదట్లో ఆయన పోయాడు. పెట్టె బయటి ఊరి నుంచి వచ్చింది, లోపలి గుడ్డ యంత్రం మీద కుట్టింది. ట్రెంట్ వంగి, తండ్రి భుజం దగ్గర పైకి తేలిన పిన్ను ఒకటి చూసి, దాన్ని బొటనవేలితో లోపలికి నొక్కి, చాలాసేపు అలాగే నొక్కి పట్టుకున్నాడు. ఏడవలేదు. ఆ తర్వాత కూడా పెద్దగా ఏమీ మారలేదు. మిల్లు తెరవలేదు. తుపాకులు బోయిడ్ దగ్గరే ఉన్నాయి. వాటి గురించి ఎవరూ అడగడం లేదు. డాక్టరు రాసిన మందులు ట్రెంట్ ఒక వారం వేసుకుంటాడు, ఒక వారం మానేస్తాడు. ఎన్నాళ్లిలా అని డారా ఎప్పుడైనా లెక్క వేయబోతే లెక్క తేలదు.

రోజూ ఉదయం ఇడాకు పాలు ఇచ్చి, కాఫీ రెండు కప్పుల్లో పోసి, ట్రెంట్ ఎదురుగా కూర్చుని ఆమె ఆ మాట అడుగుతుంది. చచ్చిపోవాలని ఉందా, ఇవాళ? కొన్ని రోజులు లేదంటాడు. ఎక్కువ రోజులు కిటికీ వైపు చూస్తూ, ఉంది అంటాడు.

సూప్ గిన్నె పక్కకు నెట్టిన ఆ ఆదివారం వెండెల్ ఆమె మణికట్టు పట్టుకుని చెప్పింది ఇదే.

"చుట్టూ తిరక్కు. ఆ మాటే పెట్టి అడుగు, రోజూ అడుగు. లేదు అని వాడంటే నమ్మేసి ఊరుకోకు, మర్నాడు మళ్లీ అడుగు. ఉంది అంటే కంగారుపడి సర్దిచెప్పకు. డాక్టరుకి ఫోన్ చెయ్, చేసి వచ్చి వాడి పక్కన కూర్చో. పనికి ఆలస్యమైతే అవనీ."