ఇరవై ఐదుకు పదకొండు

"నీకు చదువు రాదు గదా, కాలేజీకొచ్చి ఏం జేస్తవ్?"

పెర్కిట్ దగ్గరి డిగ్రీ కాలేజీలో దరఖాస్తు అందుకుంటూ క్లర్కు భూమన్న అడిగిన మాట ఇది. భూమన్న చెడ్డవాడేమీ కాదు, ఇరవై ఏళ్లుగా ఆ ఆఫీసులో కూర్చున్నవాడికి రావలసిన అనుమానమే వచ్చింది. రుచిత కిటికీలోంచి బయటికి చూసింది. ప్రహరీ గోడ మీద ఏడుగురు కుర్రాళ్లు వరసగా కూర్చొని ఫోన్లు చూసుకుంటున్నారు.

"గాళ్లేం జేస్తున్నరు సార్?" అంది.

భూమన్న దరఖాస్తు మీద ముద్ర గుద్దాడు.

అప్పటికి రుచితకు ఇరవై ఒకటి. ఆమెకున్నదాన్ని సర్టిఫికెట్లో మేధో వైకల్యం అని రాశారు. సభల్లో మైకు దొరికినవాళ్లు దేవుని బిడ్డలు అంటారు. టీలో చక్కెర తగ్గిందని పొద్దున్నే ఇల్లు పీకి పందిరేసే రుచితను చూసినవాళ్లెవరికీ ఆ మాట నోట రాదు. ఏదైనా నేర్చుకోవడానికి ఆమెకు చాలాసేపు పడుతుంది, నేర్చుకున్నది మాత్రం వదలదు. అసలు సంగతి అంతే. బడిలో పదో తరగతి దాకా ఆమెను వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ఏ సారూ ఏమీ అడగలేదు, ఏడాదికోసారి పై తరగతికి పంపారు. దాన్ని దయ అనుకున్నారు.

ఆ ఏడాది కాలేజీవాళ్లు రెండేళ్ల కోర్సొకటి తెరిచారు. రుచితలాంటి నలుగురు మామూలు బీకాం క్లాసులోనే కూర్చుంటారు, వ్యాపారం లెక్కలు నేర్చుకుంటారు. ప్రశ్నలు సులువైన మాటల్లో ఉంటాయి, టైము ఎక్కువ ఇస్తారు. షరతు ఒక్కటే. మొదటి సెమిస్టరు పరీక్షలో ఇరవై ఐదుకు పది రావాలి. రాకపోతే సీటు పోతుంది, నీలం పట్టీ ఉన్న ఐడీ కార్డు తిరిగి ఇచ్చేయాలి. ఆ కార్డును రుచిత స్నానానికి తప్ప మెడలోంచి తీసేది కాదు.

తోడుగా ఉండమని కాలేజీవాళ్లు హుమేరా అనే క్లాసు పిల్లను ఆమె పక్కన కూర్చోబెట్టారు. మొదటి నెలంతా ఆ పిల్ల రెండు నోటుబుక్కులూ తానే రాసింది. ఒకరోజు రుచిత పెన్ను గుంజుకుంది.

"నాది నువ్వెందుకు రాస్తున్నవ్?"

"అరే, నీ మంచికే గదనే!"

"ఐతే నా సమోస గుడ నువ్వే తింటవా?"

"ఇస్తె తింట," అంది హుమేరా. ఆ రోజు నుంచి ఎవరి నోట్సు వాళ్లది, సమోసా మాత్రం చెరి సగం.

అడ్మిషన్లు ఆలస్యమై పరీక్ష ఫిబ్రవరికి పడింది. మార్కెట్ యార్డుకు పసుపు వచ్చే రోజులు. కామర్స్ చెప్పే ప్రభుదాస్ సార్ క్లాసు మొత్తాన్ని అక్కడికే తీసుకుపోయాడు. ఐదు కుప్పలు చూపించి, కుప్పకో చీటీ నింపమన్నాడు. రైతు పేరు, ఊరు, రకం, సంచులు, తూకం. రకమంటే పొడుగు కొమ్ములు కాడి, గుండ్రటివి గోళ. గడికి ఒక మార్కు. రుచిత రెండు గంటలు తిరిగింది, పసుపు దుమ్ముకు పదిసార్లు తుమ్మింది. మెండోర నుంచి వచ్చిన రైతును "నీ పేరు మల్ల చెప్పు తాతా" అని మూడుసార్లు అడిగింది. మూడోసారికి ఆయన జేబులోంచి ఆధార్ కార్డు తీసి, "గిది సూసి రాస్కో బిడ్డా, నాకు పంచాయితి లేదు" అన్నాడు.

సోమవారం కాగితాలిచ్చారు. రుచితకు ఇరవై ఐదుకు ఇరవై ఐదు. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

సాయంత్రం ఆమె ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. తల్లి భాగ్యవ్వ ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది.

"అమ్మా, ఛాట్ లేదు," అంది రుచిత.

బీడీ కార్ఖానాలో చెకర్ కట్టలు విప్పి చూసి, వదులైనవి, చినిగినవి ఏరి పక్కన పడేస్తాడు. అదే ఛాట్. ఇరవై ఎనిమిదేళ్లుగా చుడుతున్న చేయి అయినా భాగ్యవ్వకు రోజూ రెండు మూడన్నా పోతాయి. ఒక్కటీ పోని రోజు ఆమె ఇంటికొచ్చి, "ఇయ్యాల ఆడు జూడనే లే, ఫోన్లనే ఉన్నడు" అని తిడుతుంది. రుచిత పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాట అది. ఈ కాగితం మీద పైన ఇరవై ఐదు తప్ప ఎర్ర గీత ఒక్కటి లేదు.

"మూడో చీటీల తూకం నేను రాయనే లే. దానికి గుడ మార్కేసిండు."

"ఊకో బిడ్డా! వచ్చిన మార్కులను కాలదన్నుకుంటవా? పది రాకుంటే కార్డు గుంజుకుంటరు."

"జూస్తెనే గదనే లెక్కలకొచ్చేది."

భాగ్యవ్వ చేతిలోని బీడీని చాటలో పడేసింది. చాట పక్కకు నెట్టి వంటింట్లోకి పోయింది.

మరునాడు రుచిత స్టాఫ్ రూముకు పోయింది. హుమేరా గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, మీరు జూడలే."

"చూసినమ్మా. మంచిగ రాసినవ్."

"మూడో చీటీల తూకమెంత?"

ప్రభుదాస్ కాగితం తిప్పాడు. గడి ఖాళీ. "కష్టపడ్డవ్ గదా, పాపమని..."

"హుమేరాకు పదిహేడేసిండ్రు. నేను దానికంటె హుషారా?"

"అస్సలు కాదు సార్!" అంది గుమ్మంలోంచి హుమేరా.

"దిద్దినంక పది రాకుంటే?" అని ప్రభుదాస్ మెల్లగా అడిగాడు.

రుచిత కార్డును పిడికిట్లో బిగించింది. "మీరైతే దిద్దుండ్రి."

ఎక్కిన మార్కులను ముట్టుకోవాలంటే రీచెకింగు ఫారం నింపాలి, ఫీజు మూడు వందలు. "పెంచుమని వస్తరు గని, తగ్గినా సరే జూడుమనేటోళ్లను నేనేడ జూడలే," అని భూమన్న గొణిగాడు. ఫారం మాత్రం ఇచ్చాడు. పైసా తగ్గించలేదు, మూడు వందలూ ఆమె పేరు మీద బాకీ రాసుకున్నాడు.

ప్రభుదాస్ ఎర్ర పెన్ను తీసి ఆమె ముందే దిద్దాడు. కాడి, గోళ ఎక్కడా తప్పు పోలేదు. ఊళ్లు మాత్రం ఘోరం. జక్రాన్‌పల్లి రైతును మెండోరకు, మెండోర తాతను జక్రాన్‌పల్లికి పంపింది. తూకం ఒక్కటీ సరిగ్గా లేదు. నాలుగు చీటీలకు తొమ్మిది వచ్చాయి. ఐదో చీటీలో పేరు తప్పు, ఊరు తప్పు. హుమేరా గోరు కొరుక్కుంది. రకం ఒప్పు, పది. సంచులు ఒప్పు, పదకొండు. తూకం తప్పు.

రుచిత ఎర్ర గీతలు వేలితో లెక్కపెట్టింది. "పద్నాలుగు ఛాట్!" అని పకపకా నవ్వింది.

"పద్నాలుగు పోతే నవ్వుతున్నవేందే, పాగల్!"

"పదకొండు నిలిచినయ్ గదనే."

ఇంట్లో భాగ్యవ్వ లెక్క విని నెత్తి కొట్టుకుంది. "గన్ని ఛాటా! నా దగ్గర పనికి వస్తే నిన్ను తెల్లారే ఎల్లగొడుదు." అంటూనే పోయి కోడి కోయించుకొచ్చింది.

రుచిత ఇప్పుడు మూడో సెమిస్టరు. రెండోదాంట్లో పద్నాలుగు వచ్చాయి, పోయిన పదకొండు మార్కులకు పదకొండు ఎర్ర గీతలు దగ్గరుండి పెట్టించుకుంది. ఆనాటి రీచెకింగు ఫీజులో నూరు రూపాయలు కట్టింది. భూమన్న దగ్గర రెండు వందలు ఇంకా బాకీ.