ఉల్టా మనిషి

సూరత్‌ల బట్ట నేసే సాంచల షెడ్డుల, ఆ చప్పుడుకు మాట వినబడది. అందుకే మొండయ్య ఈల వేసేటోడు. ఆ ఈలకు షెడ్డు ఆ కొసకున్న మనిషి సుత తలెత్తి చూసేటోడు. అసొంటి పెదవిని ఓనాడు సాంచ మీదికెళ్లి ఎగిరొచ్చిన, పోగు తిప్పే నాడె చీల్చింది. పుండు మానింది గని పెదవి వంకరైంది. ఊదితే ఉత్త గాలే.

కరోనా జర తగ్గినంక ప్లాస్టిక్ సర్జరీకి సూరత్‌లనే ఓ దవాఖానకు పోయిండు.

“ఈల మళ్ల వస్తది. కని మత్తు దిగినంక వాంతి చేసుకుంటే కుట్లు తెగుతయి, ఆపరేషన్ దండుగైతది. బండెక్కితే కక్కేటోళ్లకు గది ఎక్కువ. నువ్వు కక్కుతవా?” అని మత్తు డాక్టరు హిందీల అడిగిండు.

“నాకా? రాళ్లు తిన్నా అరుగుతయి సాబ్.”

పచ్చి అబద్ధం. లాక్‌డౌన్‌ల లారీ ఎక్కి ఊరికి పోయినప్పుడు తొవ్వ పొడుగూత కక్కుకుంటనే పోయిండు. ఇంటికాడ మాత్రం, అందరు కక్కుతుంటె తనే వాళ్ల వీపులు రాసిన అని గొప్పలు చెప్పిండు. ఇప్పుడు పక్కనే ఉన్న పెండ్లాం ముంగట పరువెట్ల తీసుకుంటడు?

పెండ్లాం సమ్మక్క ఊరికెళ్లి సూరత్‌ల వాళ్లుండే కోసాడ్‌కు కొత్తగ వచ్చింది. హిందీ అంతంత మాత్రమే. నర్సు ఆమెను పక్కకు పిలిచి, “ఇన్‌కో ఉల్టీ హోతీ హై?” అని అడిగింది.

ఉల్టా అంటె చెప్పినదానికి ఎదురు చేసుడు, ఆ ముక్క సమ్మక్కకు మంచిగ తెలుసు. ఇన్నేండ్లకు తన బాధ అడిగే మనిషి దొరికిందని పానం నిమ్మళమైంది.

“బహుత్ ఉల్టా. రోజ్ ఉల్టా.”

“కబ్?” ఎప్పుడని అడిగింది నర్సు.

“మై బోల్తే హీ. తురంత్.” నేను మాట్లాడంగనే, ఎమ్మటే అని.

నర్సు బెదిరి డాక్టరుకు చెప్పింది. ఆయన మత్తుమందు మార్చి, వాంతులు రాకుండ సూదులు వేయించిండు.

మొండయ్యకు మెలకువ వచ్చినంక కడుపు కదలలేదు, కుట్లు చెదరలేదు. నోరు మెదపొద్దని చెప్పి నర్సు సమ్మక్క దిక్కు తిరిగింది. “నువ్వు చెప్పబట్టే బచాయించినం” అని, ఉల్టీ అంటె ఏందో చేతితోని కక్కినట్టు చూపింది.

డాక్టరు బండి ముచ్చట అడిగినప్పుడు మొగడు తన దిక్కు దొంగచూపు చూసింది సమ్మక్కకు యాదికొచ్చింది.

“అంటె వాంతులా? గట్లయితె లారీల వీపు రాసింది నువ్వా, రాయించుకున్నది నువ్వా?”

అడ్డం మాట్లాడుదమంటె పెదవి నిండ కుట్లు. మొండయ్య పైకప్పు చూసిండు, గోడ చూసిండు, ఆఖరికి రాయించుకున్నది నేనే అన్నట్టు తన ఎదమీదనే చెయ్యి పెట్టుకున్నడు.

ఇంటికి పోయేటప్పుడు ఆటో ఎక్కంగనే ఆమె సంచిల నుంచి నిమ్మకాయ తీసి, “వాసన చూడు” అన్నది. పెండ్లయినకాన్నుంచి మొదటిసారి, మొండయ్య ఆమె చెప్పినట్టు చేసిండు.