నిలబడలేని పద్మజతో కాకినాడకు

పెనుగొండలో మాది స్టీలు సామాన్ల కొట్టు. కొనేవాళ్ళు నిలబడి ఉండగా అమ్మేవాళ్ళు కూర్చోకూడదన్నది మా మామగారు పెట్టిన నియమం. కోవిడ్ వచ్చి తగ్గాక మా తోటికోడలు పద్మజకు అది చేతకాలేదు. పది నిమిషాలు నిలబడితే గుండె దడ, కళ్ళు తిరగడం. ఊళ్ళో తీయించిన ఈసీజీలో ఏమీ లేదన్నారు కదా అని, "లేని జబ్బుకి ఎన్నాళ్ళమ్మా ఈ దడ?" అని కొనేవాళ్ళ ముందే అనేశాను. ఒకరోజు ఆమె కౌంటరు దగ్గర పడిపోయాక గాని గుండె డాక్టరుకు చూపించాలని తోచలేదు.

ఉదయం ఆరున్నరకు అద్దె కారులో బయల్దేరాం. రానూపోనూ మూడు వేలు. సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం, మండపేట, రామచంద్రపురం మీదుగా రెండున్నర గంటల దారి. బస్సు చవకే గాని, సీటు దొరక్కపోతే ఇలాంటివాళ్ళు నిలబడలేరు. డ్రైవరు సూరిబాబు ముందు సీటు వెనక్కి వాల్చాడు. "పడుకోండమ్మా. మా బావమరిదికీ ఇదే గోలండి. మెట్లెక్కితే ఆయాసం. వాళ్ళావిడేమో బద్ధకం అంటదండి." పద్మజ నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మండపేటలో టిఫినుకు ఆగాం. పద్మజ చట్నీ, కారప్పొడి రెండూ వద్దంది. "ఆసుపత్రి తిండి ఇక్కడ్నుంచే మొదలెట్టారేంటండి?" అన్నాడు హోటలాయన. "మా అక్క ఉప్పు మాన్పించారండి, బీపీ వస్తుందని," అంది పద్మజ నన్ను చూపిస్తూ. అప్పుడా మాట నాకు మెచ్చుకోలులాగే వినిపించింది.

కాకినాడలో డాక్టరు గారు ఆమెను పడుకోబెట్టి నాడి చూశారు, డెబ్బై ఎనిమిది. పది నిమిషాలు నిలబెట్టి చూస్తే నూట ఇరవై ఆరు. "గుండె కండరం బాగానే ఉందమ్మా. నిలబడితే రక్తం కాళ్ళలోనే ఆగిపోతోంది, దాన్ని పైకి తేవడానికి గుండె పరుగెడుతోంది. కోవిడ్ తర్వాత కొందరికి ఇలా ఉంటోంది. పడుకోబెట్టి తీసే ఈసీజీలో కనబడదు. ఉప్పు, నీళ్ళు బాగా తీసుకుంటున్నారా?"

"ఉప్పు మానేసి ఎనిమిది నెలలైందండి," అంది పద్మజ.

"ఎవరు మానమన్నారు?"

నేనేనని చెప్పాను. "ఈవిడకి బీపీ లేదండి. ఉప్పు తగ్గిస్తే ఈ దడ ఇంకా ఎక్కువవుతుంది," అన్నారాయన, కోపమేమీ లేకుండానే.

తిరుగు దారిలో కౌంటరు వెనక కుర్చీ వేయిస్తానన్నాను. "వేయించండక్కా. కానీ మీ ఎదురుగా కూర్చోలేను," అంది పద్మజ. చదువుకున్నదాన్నని ఇంట్లో అందరూ నా మాటే వినేవారు. నాకు తెలియదని ఒక్కసారి అనుంటే ఆ ఎనిమిది నెలలు ఆమెకు మిగిలేవేమో, చెప్పలేను. ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు ఒక్క మాట: వెళ్ళేముందు వారం పాటు, పక్కన మనిషిని ఉంచుకుని, పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా నాడి లెక్క రాసి పట్టుకెళ్ళండి. ఉప్పు పెంచడమైనా, తగ్గించడమైనా డాక్టరు చెప్పాకే.

కుర్చీ వేయించి నెలయింది. మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికి వెళ్ళాకే పద్మజ కొట్టుకు వస్తోంది. అందుకని ఈమధ్య కాస్త ఆలస్యంగానే కొట్టుకు తిరిగి వెళ్తున్నాను.