హాలండ్ ఊరికి వెళ్తూ, దారంతా డచ్ బహువచనాలు

నా హెచ్‌-1బి ఎక్స్‌టెన్షన్ ఇక కుదరదని, అమెరికాలో ఉండలేమని తేలిపోయింది. కంపెనీ ఐండ్‌హోవెన్ ఆఫీసుకి పంపిస్తానంది. ఆగస్టులో మకాం నెదర్లాండ్స్‌కి. పన్నెండేళ్ల మా నిత్య అక్కడి బడిలో మొదటిరోజే బిక్కమొహం వేసుకుని కూర్చోకూడదని రోజూ డచ్ నేర్పుతున్నాను. అంతా బాగానే ఉంది గానీ, బహువచనాల దగ్గరే బండి ఆగిపోయింది. డచ్‌వాళ్లు వలస వచ్చి కట్టుకున్న హాలండ్ అనే ఊరు మిచిగన్‌లోనే ఉందని తెలిసి, చూస్తే పిల్లకి డచ్ మీద ఇష్టం కలుగుతుందేమోనని శనివారం ఇద్దరం బయల్దేరాం.

మా ఊరు నేపర్‌విల్ నుంచి కార్‌లో మూడు గంటలు. ఎనిమిదికి బయల్దేరినా, మిచిగన్‌లో గడియారం గంట ముందుంటుంది కనుక చేరేసరికి పన్నెండయింది. దారంతా నా పరీక్షలే. ఎక్కాలు అప్పజెప్పించుకునే అలవాటు ఎక్కడికి పోతుంది?

“టాఫెల్?”

“టాఫెలెన్.”

“కాదమ్మా, బల్లలంటే టాఫెల్స్! కింట్?”

“కింట్స్.”

“పిల్లలంటే కిండరెన్ అని వందసార్లు చెప్పాను కదే!”

“సారీ డాడీ.”

సౌత్ హేవెన్ ఊరి బోర్డు చూసి నిత్య బీచ్‌కి వెళ్దామంది. ముందు ఒక పది మాటలు సరిగ్గా చెప్పమన్నాను. సగం తప్పులే. నేను కారు ఆపలేదు.

హాలండ్‌లో చూడాల్సింది నెదర్లాండ్స్ నుంచి విడదీసి తెచ్చి నిలబెట్టిన గాలిమర. టికెట్ మరీ ఎక్కువేం కాదు, లోపలికి ఎక్కించి చూపిస్తారు. అక్కడ వాలంటీరుగా ఉన్న పెద్దావిడ చిన్నప్పుడే ఆ దేశం నుంచి వచ్చిందట. మా అమ్మాయి డచ్ నేర్చుకుంటోందని గొప్పగా చెప్పాను. ఆవిడ గోడమీది నీలిరంగు పలకల్లో ఒక్కో బొమ్మ చూపిస్తూ డచ్‌లో అడిగింది. నిత్య నవ్వుతూ గడగడా చెప్పేసింది: ఓడలు, ఇళ్లు, పిల్లలు, అన్నీ బహువచనాల్లోనే. ఒక్క తప్పు లేదు! ఆవిడ చప్పట్లు కొట్టింది.

పార్కింగ్‌లో అడిగాను. “అన్నీ వచ్చా నీకు? మరి కార్‌లో అలా ఎందుకు చెప్పావే?”

“డచ్ రాకపోతే అక్కడ స్కూల్‌లో తీసుకోరు అనుకున్నా. అప్పుడు మనం ఇక్కడే స్టే చేస్తాం కదా.”

“మరి ఆవిడకెందుకు చెప్పావు?”

“షి వాజ్ నైస్. టెస్ట్ చెయ్యలేదు.”

ఇన్నాళ్లూ ప్రతిదానికీ బహువచనం అడిగాను. అక్కడికి వెళ్లడం నీకిష్టమేనా అని ఒక్కసారీ అడగలేదు. అడిగినా ప్రయాణం ఆగేది కాదు, నిజమే. కానీ నా పిల్ల నా దగ్గర కూర్చుని ఏడ్చేది. ఇలా ఒంటరిగా తప్పులు చెప్పుకుంటూ తంటాలు పడేది కాదు. వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: రాత్రికి అక్కడే ఉండాలనుకుంటే, అదేరోజు క్యాన్సిల్ చేసుకునే వీలున్న గదే బుక్ చేయండి. మేం బుక్ చేసుకుని కూడా ఉండలేదు. “ఇంటికి పోదాం డాడీ,” అంది నిత్య. “మన హౌస్‌లో ఇంకా కొన్ని రోజులే కదా ఉండేది.”