పద్నాలుగు ఖాళీ గళ్ళు

పద్నాలుగు వారాలు ఆవిడ బిళ్ళల లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. ఎక్కడైనా ఒకటి తప్పి ఉంటే నేను ముందే జాగ్రత్తపడేదాన్నేమో.

ప్రతి బుధవారం ఏలూరులో బస్సెక్కి, దెందులూరు దాటాక హైవే మీద దిగి, షేర్ ఆటోలో ఆవిడ ఊరు వెళ్ళేదాన్ని. చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు. అక్కాచెల్లెళ్ళిద్దరే ఉండేవారు. అక్కగారు బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యారు. చెల్లెలు అదే బడిలో ఆయాగా చేసేది, ఇప్పుడు ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, యాభై దాటాయి. చెల్లెలికి చెవిలో ఎవరో తిడుతున్నట్టు వినపడే జబ్బు. రెండేళ్ళ క్రితం ఆ తిట్లు పడలేక ఇంట్లోంచి వెళ్ళిపోతే, మూడో రోజుకి కొల్లేరు గట్టు మీద, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని కనపడిందట. ఆసుపత్రి నుంచి వచ్చాక రోజూ సాయంత్రం రెండేసి బిళ్ళలు వేసుకోవాలి. వారానికి పద్నాలుగు. వేసుకుంటోందా, తింటోందా, పడుకుంటోందా అని చూసి రావడం నా పని.

ఈ పనిలోకి రాకముందు నేను చేపల చెరువు మీద మేత లెక్క రాసేదాన్ని. చదివింది ఏడో తరగతి. చేప బరువులో నూటికి ఎంత మేత పెట్టాలో, ఎకరానికి ఎన్ని పిల్లలు వదలాలో అక్కడే గట్టు మీద షెడ్డులో కూర్చుని నేర్చుకున్నాను. కాలిక్యులేటర్ తెరిచే లోపు నోటితో చెప్పేసేదాన్ని.

పన్నెండేళ్ళ క్రితం, మా అమ్మ పోయిన ఏడాది, ఆ లెక్కలే నన్ను పట్టుకున్నాయి. నాలుగు నెలలు నిద్ర లేదు. పెంకులు, కాకులు, కంచంలో మెతుకులు, ఏది కనపడితే అది లెక్కపెట్టేదాన్ని. లెక్క తప్పితే ఇంట్లో ఇంకొకరు పోతారని భయం. ఏలూరులో వైద్యం చేయించుకుని తేరుకున్నాను. అలా పడి లేచినవాళ్ళకే ట్రైనింగ్ ఇచ్చి, పడ్డవాళ్ళ ఇళ్ళకు పంపిస్తున్నారని తెలిసి చేరాను.

ఏలూరులో ఒక హాల్లో తొమ్మిది రోజులు ట్రైనింగ్. పదకొండు మందిమి. నేర్పింది నర్సుగా చేసి రిటైరయిన ఒకావిడ. అందరం సిస్టర్ గారూ అనేవాళ్ళం. మొదటి రోజే ఆవిడ బోర్డు మీద ఏమీ రాయకుండా, "మీకు ఈ పనిలో దేనికి భయమండీ? ఒక్కొక్కరూ చెప్పండి" అన్నారు. కొడతారేమోనని ఒకరు, ఏడుస్తారేమోనని ఒకరు చెప్పారు. పెంటపాడు నుంచి వచ్చినాయన ఒకరు, "కాఫీ ఇస్తారేమోనని భయమండీ, నాకు గ్యాస్ ట్రబులు" అంటే అందరం నవ్వాం.

నా వంతు వచ్చింది. "లెక్క తప్పుతుందేమోనని" అన్నాను.

"ఏ లెక్కండీ?" అన్నాడు పెంటపాడాయన.

"ఏదైనా."

ఆ రోజు నుంచి నన్ను లెక్కలమ్మగారూ అనడం మొదలుపెట్టాడు. ఏవండీ లెక్కలమ్మగారూ, ఇడ్లీలు మనిషికి ఎన్ని వస్తాయంటారు? ఫ్యాను రెక్కలు ఎన్నండీ? నేనూ నవ్వేదాన్ని. ఫ్యాను రెక్కలు మాత్రం చూసేదాన్ని కాదు.

సిస్టర్ గారు చెప్పినవాటిలో రెండు మాటలు నోటుపుస్తకంలో గీత గీసి పెట్టుకున్నాను. ముందు మనిషి మొహం చూడండి, తర్వాతే మందులు చూడండి అన్నది ఒకటి. మీకు భయం వేస్తే ఆ రోజే నాకు ఫోన్ చేయండి, నెలాఖరు మీటింగు దాకా దాచుకోవద్దు అన్నది రెండోది. రెండిటికీ బాగానే తలూపాను.

కానీ మొహం చూడటం నాకు చేతకాలేదు. నిజం చెప్పాలంటే భయం. వాళ్ళ కళ్ళలో నా ఆ నాలుగు నెలలు కనపడతాయేమోనని. అందుకని వెళ్ళగానే మందుల కవరు అడిగేదాన్ని. పది బిళ్ళల షీటులో బిళ్ళ తీసేసిన గడి వేలితో తడిమితే మెత్తగా లోపలికి పోతుంది. అలా తడుముతూ లెక్కపెట్టేదాన్ని. ఆ చెల్లెలు కూడా నేను రాగానే షీట్లు వరుసగా చాప మీద పేర్చి పెట్టేది. "పద్నాలుగండీ, చూసుకోండి" అనేది. సరిపోయేది. రిజిస్టర్లో రాసి, సంతకం పెట్టించుకుని, మజ్జిగ తాగి వచ్చేసేదాన్ని.

పద్నాలుగో బుధవారం కూడా షీట్లు పేర్చి ఉన్నాయి. నేను తడుముతున్నాను. అక్కగారు మజ్జిగ గ్లాసు పెడుతూ, "శుక్ర, శని, ఆదివారాలు తాడేపల్లిగూడెంలో ప్రార్థన కూటాలకి వెళ్ళామండీ. మందుల కవరు ఇక్కడే మర్చిపోయాం. మూడు రోజులూ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను" అన్నారు.

అప్పటికి నా వేలు పద్నాలుగో గడి మీద ఉంది. మెత్తగా లోపలికి పోయింది.

మూడు రోజులు, రోజుకి రెండు. ఆరు బిళ్ళలు మిగలాలి. మిగలలేదు.

చెల్లెలు గోడకు ఆనుకుని, చేతులు కొంగు కింద పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. రిజిస్టర్లో పద్నాలుగు అని రాశాను. ఎందుకు రాశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అక్కగారి ఎదుట అడిగితే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని అనుకున్నాను. పై పదమూడు వరుసల్లోనూ పద్నాలుగులే ఉన్నాయి, వాటి కింద వేరే అంకె రాయడానికి చెయ్యి రాలేదు. వెళ్ళొస్తానండీ అని లేచాను.

ఆటో హైవే దాకా వచ్చేసరికి చెరువుల మీద మేత సంచులు కనపడ్డాయి. మా వైపు మేతను సంచుల్లో పోసి, అడుగున చిల్లులు పెట్టి, నీళ్ళలో పాతిన కర్రలకు కడతారు. చేప వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటుంది. సంచి ఖాళీ అయితే చేప తిన్నట్టు. నేను పనిచేసిన చెరువులో ఒకసారి వారం రోజులు నలభై సంచులూ సమంగా ఖాళీ అయ్యాయి. నా పుస్తకం అద్దంలా ఉంది. ఎనిమిదో రోజు పొద్దున్న చేపలు తెల్లగా తేలాయి. మేత కట్టే మనిషి తొందరగా ఇంటికి పోవచ్చని చిల్లులు పెద్దవి చేశాడు. మేతంతా అడుక్కి పోయి కుళ్ళి, నీరు చెడిపోయింది. అప్పుడు మా చెరువు పెద్దాయన నాతో ఒకటే మాట అన్నాడు. "సంచి కాదమ్మా చూడాల్సింది. వల వేసి చేపను పట్టి చూడాలి."

హైవే మీద దిగి నిలబడ్డాను. బిళ్ళలు షీటులోంచి బయటికి వచ్చాయి. నోట్లోకి వెళ్ళలేదు. మరి ఎక్కడున్నాయి? ఎప్పటి నుంచి? మొదటి వారం నుంచీ అయితే పద్నాలుగు పద్నాలుగులు నూట తొంభై ఆరు. ఆ అంకె వచ్చాక నాకు ఎండ తెలియలేదు. నూట తొంభై ఆరు బిళ్ళలు ఆ రెండు గదుల ఇంట్లో ఎక్కడో ఒకచోట పోగై ఉన్నాయి. ఒకసారి నీళ్ళ దాకా వెళ్ళి వచ్చిన మనిషి వాటి పక్కన పడుకుంటోంది.

వెంటనే ఇంకో భయం. ఇది నిజంగా లెక్కేనా? లేక నా పాత జబ్బు తిరగబెట్టిందా? లెక్క తప్పితే ఎవరో పోతారని అప్పుడూ ఇలాగే అనిపించేది. సిస్టర్ గారికి చెబితే, పాపం ఈవిడకి మళ్ళీ మొదలైంది అనుకుంటారేమో. నిజమే అయితే పద్నాలుగు వారాల రిజిస్టరు అబద్ధమని తేలుతుంది. రెండు విధాలా నన్ను తీసేస్తారు. ఏలూరు బస్సు ఒకటి వచ్చి ఆగింది. ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది. మూడోది వచ్చే లోపు ఫోన్ చేశాను.

"సిస్టర్ గారూ, నూట తొంభై ఆరండీ" అన్నాను.

"అంకె తర్వాత చెబుదురుగాని. ఎక్కడున్నారు మీరు?"

చెప్పాను.

"ఎండలో నిలబడ్డారా? నీడకి రండి. నీళ్ళు తాగండి. తాగాకే చెప్పండి."

తాగాను. చెప్పాను. చివర్న, "ఇది నా జబ్బేమోనండీ" అన్నాను.

"మూడు రోజులు కవరు ఇంట్లో ఉంది, వాళ్ళు గూడెంలో ఉన్నారు. ఆరు మిగల్లేదు. ఈ లెక్క నాకూ అలాగే వస్తోందండీ. మీ జబ్బు కాదు. మీరు వెనక్కి వెళ్ళండి. చెల్లెలిగారిని వదిలి కదలొద్దని అక్కగారికి నేను ఫోన్ చేస్తాను. గూడెం నుంచి ఇప్పుడే బయలుదేరుతున్నాను. మీరు ఇల్లు వెతక్కండి. పక్కన కూర్చోండి. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగండి."

"అడిగితే లేని ఆలోచన పుట్టదా అండీ?"

"పుట్టదు. ట్రైనింగులో చెప్పుకున్నాం కదా. మీరు అప్పుడు ఫ్యాను చూడకుండా ఉండే పనిలో ఉన్నారు."

ఆ మాటకి ఏడుపొచ్చింది. ఆవిడ చూశారన్నమాట.

తిరిగి వెళ్ళేసరికి అక్కగారు గుమ్మంలో బియ్యం ఏరుతున్నట్టు కూర్చున్నారు. చేటలో బియ్యం కదలడం లేదు. చెల్లెలు కుట్టు మిషను ముందు ఉంది. మిషను తిరగడం లేదు. నేను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, పద్నాలుగు వారాల్లో మొదటిసారి ఆవిడ మొహం చూశాను. కళ్ళ కింద నల్లగా ఉంది. పెదాలు పగిలి ఉన్నాయి. ఈ నలుపు ఈ రోజుది కాదు.

"మళ్ళీ వచ్చారేంటండీ? లెక్క సరిపోయింది కదా" అంది.

"సరిపోయిందండీ. అందుకే వచ్చాను."

ఆవిడ కొంగు కింద నుంచి చేతులు బయటికి తీసింది. వణుకుతున్నాయి.

"వేసుకోవడం మానేసి రెండు నెలలైందండీ. ఆ బిళ్ళలు వేసుకుంటే చేతులు ఇలా అయిపోతున్నాయి. సూదిలో దారం ఎక్కట్లేదు. జాకెట్లు ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకెళ్ళిపోతున్నారు. మానేశాక కాస్త తగ్గిందిగానీ పూర్తిగా పోలేదండీ."

"నాతో చెప్పొచ్చు కదండీ?"

"మీరు అడగలేదు కదండీ" అంది మెల్లగా. అందులో నిష్ఠూరం లేదు. "పైగా మీరు ఏలూరు నుంచి అంత ఎండలో పడి వస్తారు. లెక్క తప్పితే మీ పైవాళ్ళు మిమ్మల్ని మాట అంటారని, రోజూ సాయంత్రం రెండు తీసి డబ్బాలో వేశాను. గూడెం నుంచి వచ్చాక ఆరూ ఒకేసారి తీశాను."

నా కోసం. నాకు మాట రాకూడదని రోజూ పొద్దుగూకే వేళకి రెండేసి బిళ్ళలు తీసి దాచింది.

"ఒకటి అడుగుతానండీ" అన్నాను. "చచ్చిపోవాలని ఉందా?"

చేటలో బియ్యం జారిన చప్పుడైంది. ఆవిడ మాత్రం కంగారుపడలేదు. ఎవరో బరువు అందుకున్నట్టు భుజాలు కిందికి దిగాయి.

"మొదట్లో లేదండీ. పది రోజుల నుంచి మళ్ళీ తిడుతున్నారు. వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా ఆ డబ్బా కేసి చూస్తున్నాను. చూసి వచ్చేస్తున్నాను. నిన్న చేతిలోకి తీసుకున్నాను."

అక్కగారు లేచి వచ్చి చెల్లెలి పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ మోకాలు పట్టుకున్నారు. సిస్టర్ గారి ఆటో వచ్చేదాకా ముగ్గురం అలాగే కూర్చున్నాం. నలభై నిమిషాలు. నా జీవితంలో ఏదీ లెక్కపెట్టకుండా కూర్చున్న నలభై నిమిషాలు అవే. అంతసేపు అని సిస్టర్ గారు తర్వాత చెబితే తెలిసింది.

బిళ్ళలు పంచదార డబ్బా వెనక, పౌడరు డబ్బాలో ఉన్నాయి. సిస్టర్ గారే తీసి సంచిలో వేసుకున్నారు. ఆ సాయంత్రమే ఏలూరు తీసుకెళ్ళాం. డాక్టరుగారు చేతులు చూసి మందు మార్చారు, ఇవీ రోజుకి రెండే. పన్నెండు రోజులు అక్కడే ఉంచుకున్నారు.

నెలాఖరు మీటింగు తాడేపల్లిగూడెంలో. నేను రిజిస్టరు తెరిచి, పద్నాలుగు వరుసలూ చూపించి, జరిగిందంతా చెప్పాను. తీసేస్తే తీసేయనీ అనుకున్నాను. డబ్బాలో ఎన్ని ఉన్నాయని ఎవరూ అడగలేదు. పెంటపాడాయన, "నాకూ ఒక ఇంట్లో షీట్లు మరీ సరిగ్గా ఉంటున్నాయండీ. రేపు పొద్దున్నే వెళ్తాను. మీరూ వస్తారా?" అన్నాడు. ఆ రోజు లెక్కలమ్మగారూ అనలేదు. సిస్టర్ గారు నన్ను తీసేయలేదు. రిజిస్టర్లో ముందు ఒక గడి కలిపి, "మొహం" అని రాసుకోమన్నారు. వారానికి ఒకసారి నాకు ఆవిడే ఫోన్ చేస్తానన్నారు, నా నిద్ర ఎంతో అడగడానికి.

ఇప్పుడు బుధవారం వెళ్ళగానే కవరు అడగను. సూదీ దారం ఇస్తాను. ఆవిడ ఎక్కిస్తుంటే చేతులు చూస్తాను, మొహం చూస్తాను. చెవిలో ఏమంటున్నారని అడుగుతాను. చివర్లో బిళ్ళలు. మందులిప్పుడు అక్కగారి పెట్టెలో తాళం వేసి ఉంటాయి, వారానికి సరిపడా మాత్రమే.

పోయిన బుధవారం పన్నెండు గళ్ళే ఖాళీగా ఉన్నాయి. "మంగళవారం అక్కని తాళం అడగడం మర్చిపోయానండీ" అంది ఆవిడ. ప్రాణం లేచొచ్చింది. లెక్క తప్పినందుకు సంతోషించడం నా వయసులో అదే మొదటిసారి. ఆటో ఎక్కబోతూ ఆగిపోయాను. సరిగ్గా ఉంటే నేను భయపడతానని తెలిసి, కావాలనే రెండు మిగిల్చిందేమో?

వెనక్కి వెళ్ళి అడిగేశాను.

ఆవిడ నవ్వింది. అక్కగారూ నవ్వారు. "మీతో చాలా కష్టమండీ బాబూ" అంది. "కూర్చోండి. ఇంకోసారి సూది ఇవ్వండి."

ఇచ్చాను. మూడోసారికి దారం ఎక్కింది. మొహం గడిలో ఆ మూడు సార్లూ రాసుకున్నాను.