కల్లంలో వినబడ్డ దగ్గు

మిరపకాయ చేత్తో కళ్ళు తుడుచుకున్నవాళ్ళని మా అమ్మ మన్నించదు. "కూలికొచ్చావా, ఏడవడానికొచ్చావా?" అని కల్లమంతా వినబడేలా అరుస్తుంది. అలాంటి మనిషి ఈ ఏడాది తనే ఆ పని చేసింది.

సత్తెనపల్లి దగ్గర మాకు కొద్దిపాటి మిరప చేను. ఆ రోజు నేనూ అమ్మా మరికొందరు ఆడవాళ్ళం పట్టాల మీద కూర్చుని, రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నాం. నా ఫోన్‌లో వార్త వచ్చింది. ఉత్తరాది కొండల్లో వాయుసేన జెట్ కూలిందట, ఉన్న ఇద్దరిలో ఒకరే దొరికారట. మా తమ్ముడు జెట్ నడిపేది ఆ కొండల మీదే. నా మొహం చూసి అమ్మ ఏమిటని నిలదీసింది. చదివి వినిపించాను. "ప్రభువా!" అంటూ రెండు చేతులతో కళ్ళు నలుపుకుంది.

ఇక చూడాలి ఆ మంట! పాలలో ముంచిన గుడ్డ కళ్ళ మీద వేసి పడుకోబెడితే పడుకోదు. తమ్ముడి నంబరు మోగడం లేదు. సంఘం ఆడవాళ్ళు వచ్చి ప్రార్థన మొదలుపెట్టారు. అమ్మ ఆమెన్‌కి బదులు "మోగిందా?" అంటోంది.

ఎండ తగ్గాక తెలియని నంబరు నుంచి వీడియో కాల్. తీస్తే తమ్ముడు! మెడకి పట్టీ, మొహమంతా నవ్వు.

"అమ్మా, వాడే! నవ్వుతున్నాడు!" అని అరిచాను.

"ఒరేయ్, నీతో ఉన్నాయన ఏడిరా?" అంది అమ్మ.

"పక్క మంచం మీదే ఉన్నాడమ్మా. పారాచూట్లతో లోయకి చెరోవైపు పడ్డాం. ఆయన్ని కొండమీద ఊరోళ్ళు మోసుకొచ్చారు. ఇద్దరం బాగానే ఉన్నాం."

మావాడి 'బాగానే' సంగతి అమ్మకి తెలుసు. లెక్కల పరీక్ష తప్పినప్పుడూ బాగానే రాశానన్నాడు.

"నాకు కళ్ళు తెరుచుకోవట్లా. ఆయన్ని మాట్లాడమను."

"ఆయనకి తెలుగు రాదమ్మా."

"అయితే దగ్గమను!"

ఫోన్‌లోంచి ఒక దగ్గు వినబడింది. "మళ్ళీ" అంది అమ్మ. రెండోసారి దగ్గబోయి ఆయన పక్కున నవ్వేశాడు. నడుం పట్టేసిందేమో, వెంటనే మూలిగాడు కూడా. ఆ మూలుగుతో అమ్మకి నమ్మకం కుదిరింది.

"వాళ్ళమ్మకి చెప్పారట్రా?"

"ఇంకా లేదమ్మా. ఈ ఫోను నర్సుగారిది. ముందు నన్నే చేసుకోమన్నాడీయన."

"బుద్ధుందిరా నీకు? అక్కడ ఆ తల్లి ఎంత అల్లాడిపోతుందో! పెట్టెయ్ ఫోను!"

వాడు పెట్టేలోపే నా చేతిలోది తడిమి లాక్కుని, దొరికిన చోటల్లా నొక్కి కాల్ కట్ చేసేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తమ్ముడి మొహం నేనింకా సరిగ్గా చూసుకోనే లేదు. ఆ మాటే అన్నాను.

"ఆవిడ తన బిడ్డని చూసుకోనీ. ఆ తర్వాత చూద్దువుగానీలే" అంది అమ్మ.