నిలబడని చోకు

మూడోసారి కూడా బండి చోకు గుండీని బయటికి లాగి వేళ్లు తీశాను. అది మెల్లగా మళ్లీ లోపలికి జారిపోయింది.

"అగో, మళ్ల పోయింది," అన్నాడు నాయన అరుగు మీద నుంచి.

"నాకు కండ్లు లేవా నాయినా?" అని కసిరి, వెంటనే నాలుక కరుచుకున్నాను.

దమ్మపేట దగ్గర పల్లె మాది. ఇంట్లో మేమిద్దరమే. నాయనకు కిడ్నీలు పాడయ్యాక, ఆయన పాత బండి మీదే నేను ఆయన్ని సత్తుపల్లికి డయాలసిస్‌కు తీసుకుపోతున్నాను. మేం బయలుదేరే వేళకు బస్సు ఉండదు. చలికి ఇంజన్ వేడెక్కేదాకా చోకు లాగి పట్టుకోవాలి, వదిలితే ఆగిపోతుంది. ఒక చెయ్యి దాని మీద, ఇంకొకటి యాక్సిలేటర్ మీద. మొన్న నేను అట్లా పట్టుకుని ఉండగా నాయన ఒక్కడే ఎక్కబోయి వాకిట్లో పడ్డాడు. డయాలసిస్ సూదులు గుచ్చే చేతికి మాత్రం దెబ్బ తగలకుండా గుండెకు హత్తుకున్నాడు. మోకాలు చిట్లింది. లేపబోతే నా చెయ్యి తోసేశాడు.

"ఇగ నేను రాను బిడ్డా. గిట్లనే ఉండనియ్యి."

ఆ రోజు పోలేదు. సాయంత్రానికి ముఖం ఉబ్బింది, మర్నాటికి పాదాలు చెప్పుల్లో పట్టలేదు. ఇవాళ పొద్దున దవాఖానా నర్సుకు ఫోన్ చేస్తే, రేపు తప్పకుండా తీసుకురమ్మంది.

"నూనె గూడ పోసిన. అయినా నిలుస్తలేదు," అన్నాను.

"నూనెనా? ఏం నూనె?"

"మిషన్ నూనె."

నేను జాకెట్లు కుడతాను. మిషన్ బిగుసుకుంటే ఒక చుక్క వేస్తాను. చోకుకూ అదే చేశాను.

పడ్డ తర్వాత ఈ రెండు రోజుల్లో నాయన నవ్వడం ఇదే మొదలు. "ఓసి పిచ్చిదానా! జర బిర్రుగుంటెనే అది నిలబడేది. నువ్వు ఇంకింత జారేటట్టు జేసినవ్."

పెట్రోల్ తడిపిన గుడ్డతో తుడవమన్నాడు. గుండీ వెనక రబ్బరు తొడుగు జరిపితే నట్టు ఉంటుందన్నాడు. నేను ప్లయర్‌తో బలమంతా పెట్టి తిప్పాను. గుండీ ఇక కదల్లేదు.

"గంత బిగిస్తవా? జాకెట్లు గూడ గిట్లనే కుడతవా, ఊపిరాడకుంట?"

"నా జాకెట్ల జోలికి రాకు!"

కొంచెం వదులు చేశాను. లాగి, వేళ్లు తీశాను. నిలిచింది. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం.

"రేపు వస్తవా నాయినా?"

ఆయన గోడ పట్టుకుని లోపలికి పోయాడు.

తెల్లారి చోకు లాగి వదిలేసి కిక్కు కొట్టాను. బండిని సైడ్ స్టాండ్ మీద అట్లనే నడవనిచ్చి లోపలికి పోయి, మంచం ముందు రెండు చేతులూ చాపాను. నాయన కాసేపు బయట ఆగకుండా నడుస్తున్న బండి చప్పుడు విన్నాడు. తర్వాత నా చేతులు పట్టుకుని లేచాడు. చంకల కింద పట్టుకుని ఆయన్ని సీటు మీద కూర్చోబెట్టి, వాచిన పాదాలు ఒక్కొక్కటీ ఎత్తి ఫుట్‌రెస్టుల మీద పెట్టాను.